చరిత్ర చదువు కూడు పెడుతుందా?

డిగ్రీ ముగించిన బిడ్డ చరిత్రలో ఎం.ఏ. చేస్తానంటే మనలో చాలామందిమి అడిగే ప్రశ్న ఇది. ఒకసారి సున్నిపెంట వైపు చూద్దాం.

శ్రీశైలం ఆనకట్ట కట్టేవారి కోసం పెరిగిన కాలనీ ఇది. జలాశయం నిండినప్పుడు కృష్ణా, తుంగభద్రల తీరాన ఊళ్లెన్నో మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. గుడి దక్కింది, సరే. ఊరు విడిచిన కుటుంబాల మాట, ఆనకట్ట పనిలో చెమటోడ్చిన కూలీల మాట ఎవరు దాచారు?

ఆ పని నేర్పేదే పబ్లిక్ హిస్టరీ. పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేసి కాగితాలతో సరిచూడడం, పాత రిజిస్టర్లను చెదల నుండి కాపాడడం, మ్యూజియంలో సామాన్యునికి అర్థమయ్యేలా చెప్పడం ఇందులోని పాఠాలు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తన చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రాల పీఠాన్ని శ్రీశైలంలోనే నెలకొల్పింది.

పురావస్తు శాఖలో, మ్యూజియంలలో, ఆర్కైవ్స్‌లో ఉద్యోగాలు కొద్దే, పోటీ పరీక్షలూ తప్పవు. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలనే మేమూ కోరుతున్నాం. అయితే ఆనకట్ట కట్టిన తరం ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నది. పట్టా చేతికొచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ సెలవుల్లోనే తాతగారి పక్కన కూర్చుని ఊరి పేరు, సంవత్సరం, చేసిన పని రాసుకోమందాం.