కారులోని రబ్బరు గొట్టము

మోటారు కారులో ముఖ్యమైన భాగమేది అని అడిగినచో కొందరు ఇంజను అందురు. కొందరు బ్రేకులు అందురు. టైర్లని చెప్పువారును ఉందురు. బానెట్టు క్రింద, మూరెడు పొడవున, వంకర తిరిగియుండు నల్లని రబ్బరు గొట్టమును పేర్కొనువారు అరుదు. కాని ఆ గొట్టము చిట్లిన నాడు లక్షల రూపాయల కారు రోడ్డు ప్రక్కన నిలిచిపోవును. అప్పటికిని గమనింపక నడిపినచో ఇంజనే చెడును. తొందరపడి రేడియేటరు మూత తీసినచో మనిషికే ప్రమాదము. కనుక ఆ గొట్టము చేయు పని యేమి, అది ఎట్లు పాడగును, పాడైనదని ముందుగా ఎట్లు కనిపెట్టవచ్చును, క్రొత్తది ఎట్లు వేయవలెను అను విషయములను ఈ ప్రసంగములో ముచ్చటింతము.

కొన్ని ఏండ్ల క్రిందట, వైశాఖ మాసములో, మేము నలుగురము ఒక మిత్రుని కారులో హైదరాబాదు నుండి విజయవాడకు బయలుదేరితిమి. నకిరేకల్లు దాటిన కొంతసేపటికి బానెట్టు సందుల నుండి తెల్లని ఆవిరి లేచినది. వేడిని చూపు ముల్లు ఎర్రగీత వద్దకు చేరియున్నది. కారు ఆపి బానెట్టు ఎత్తి చూచితిమి. రేడియేటరు పై గొట్టమున, క్లిప్పునకు అంగుళము దూరములో, సన్నని నిలువు చీలిక. అందుండి బుసబుసమని ఆవిరి. మా మిత్రుడు చేతిరుమాలు మడిచి రేడియేటరు మూతపై చేయి వేయబోయెను. రోడ్డుకు ఆవలనున్న పంక్చరు దుకాణము నుండి ఒక ముసలి మేస్త్రీ కేక వేసెను: "ఆగుండ్రి సారూ! మూతకు చెయ్యి పెట్టకుండ్రి. గంటసేపు చల్లబడనియ్యుండ్రి."

గంట గడిచిన పిమ్మట ఆయనయే గొట్టమును విప్పి, కత్తితో నిలువునా కోసి, విప్పారదీసి మాకు చూపెను. వెలుపల నల్లగా, నునుపుగా, క్రొత్తదానివలెనే ఉన్నది. లోపల మాత్రము ఎండిన చెరువు నేలవలె బీటలు. "బైటికి మంచిగనే కనవడ్తది సారూ. గిది లోపటికెల్లి కరాబయితది" అని ఆయన చెప్పిన మాట మేము మరువలేదు. ఈ గొట్టమును గురించి తెలిసికొనవలసిన విషయములలో ముఖ్యమైనది ఆ మాటలోనే ఉన్నది.

పెట్రోలు మండినప్పుడు పుట్టు శక్తిలో బండిని నడుపుటకు ఉపయోగపడునది సుమారు మూడవ వంతు. పలుమారు అంతకంటెను తక్కువ. తక్కినది చాలవరకు వేడియే. అందులో కొంత పొగగొట్టము గుండా పోవును. కొంత ఇంజను లోహమున కెక్కును. లోహమున కెక్కిన ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయనిచో సిలిండరు హెడ్డు వంకరపోవును, పిస్టనులు బిగిసిపోవును. అందుచేత సిలిండర్ల చుట్టును నీరు పారుటకు దారులు ఏర్పరచిరి. సాధారణముగా, వేడెక్కిన నీరు పై గొట్టము గుండా రేడియేటరునకు పోయి, అచటి సన్నని నాళములలో పారుచు గాలికి చల్లబడి, క్రింది గొట్టము గుండా మరల ఇంజనునకు వచ్చును. ఈ ప్రయాణమును నడుపునది నీటి పంపు. 1900–1901 సంవత్సరములలో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కారునకు రూపొందించిన తేనెపట్టు రేడియేటరులో 8,070 సన్నని నాళములుండెను. రేడియేటర్ల రూపము నాటి నుండి ఎంత మారినను, నీటికి వేడినిచ్చి, ఆ వేడిని గాలికి వదలుట అను పద్ధతి మాత్రము మారలేదు.

అయినచో ఇంజనునకు, రేడియేటరునకు నడుమ ఇనుప గొట్టమునే వేయరాదా అని అడుగవచ్చును. ఇంజను నడుచునంతసేపు అదరుచునే యుండును. రేడియేటరు బండి చట్రమునకు బిగింపబడియుండును. అదరుదానికిని అదరనిదానికిని నడుమ లోహపు గొట్టము వేసినచో అది కొలదికాలములోనే పగులును. వంగుచు, సాగుచు, ఆ అదరును ఓర్చుకొనగలది రబ్బరే. అదియును ఒట్టి రబ్బరు కాదు. లోపల ఒక రబ్బరు పొర, నడుమ నూలు అల్లిక, వెలుపల మరియొక రబ్బరు పొర. పీడనమునకు ఉబ్బి పగులకుండ గొట్టమును పట్టియుంచునది నడిమి అల్లికయే.

ఈ పీడన మెక్కడిది? వంటింటిలో ప్రెషరు కుక్కరు ఉన్నవారికి ఇది తెలిసిన సంగతియే. బయట 100 డిగ్రీల వద్ద మరుగు నీరు, మూత బిగించి పీడనము పెంచినచో ఇంకను హెచ్చు వేడి వద్దగాని మరుగదు. రేడియేటరు మూతలోని స్ప్రింగు ఆ పనియే చేయును. చాల కార్లలో అది వాతావరణ పీడనముపై మరియొకంత పీడనమును నిలుపును. అప్పుడు నీరు 120 డిగ్రీల ప్రాంతమునగాని మరుగదు. మూత తీసిన క్షణమున ఆ పీడనము పోవును. 100 డిగ్రీలు మించియున్న నీరు ఒక్కసారిగా మరిగి, తీసినవాని ముఖముపై, చేతులపై చిమ్మును. నాడు మేస్త్రీ కేక వేసినది ఇందుకే. వేడి కుక్కరు మూతను బలవంతముగా తెరువని ఇల్లాలు ఎంత వివేకవతియో, వేడి రేడియేటరు మూతను ముట్టని డ్రైవరు అంత వివేకవంతుడు.

ఇక గొట్టము పాడగు విధము. వేడికి రబ్బరు గట్టిపడి పెళుసగును. నూనె తగిలినచో ఉబ్బి మెత్తబడును. ఈ రెండును వెలుపలికి కానవచ్చును. కానరానిది మూడవది. రబ్బరునకు బలము నిచ్చుటకై అందులో మసి కలుపుదురు. ఆ మసి కొంతవరకు విద్యుత్తును ప్రవహింపనిచ్చును. ఇంజను లోహము, నీటిలోని లవణములు, మసి కలిసిన రబ్బరు – ఈ మూడును చేరి బలహీనమైన బ్యాటరీ ఘటమువలె పనిచేయును. ఆ ప్రభావమున లోపలి పొరలో వెండ్రుక వంటి నిలువు బీటలు పుట్టును. వాని గుండా నీరు నడిమి నూలునకు చేరి దానిని బలహీనపరచును. ఒకనాడు గొట్టము చిట్లును. ఈ బీటలు ఎక్కువగా పుట్టునది క్లిప్పులకు సమీపమున, కొనల నుండి రెండంగుళముల లోపల. అందులోను మిక్కిలి వేడి నీరు పారు పై గొట్టమునకే ఈ బాధ హెచ్చు.

కనుక గొట్టమును కన్నులతో చూచుట చాలదు, వ్రేళ్ళతో పరీక్షింపవలెను. ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాత, ఉదయముననైన మంచిది, క్లిప్పు ప్రక్కన గొట్టమును బొటనవ్రేలితోను చూపుడు వ్రేలితోను నొక్కి చూడుడు. పిమ్మట నడుమ భాగమును నొక్కుడు. మంచి గొట్టము రెండు చోట్లను ఒక్క తీరుననే వంగి, వదలినంతనే నిండుకొనును. కొన వద్ద మెత్తగా, గుల్లగా, లోపల కాలువ వంటిది వ్రేలికి తగులుచున్నట్లు తోచినచో ఆ గొట్టమునకు కాలము తీరినదని గ్రహింపవలెను. నొక్కగా కరకరమన్నను, పైని బీటలు, ఉబ్బు, నూనె జిగురు కనిపించినను అంతే. క్లిప్పు చుట్టును తెల్లని లేదా రంగు పొడి పేరుకొనియున్నచో అచట నీరు కారి ఆరినదని గుర్తు.

బానెట్టు క్రింద ఇతర గొట్టములును కలవు. ఏది చెడినదో వాని వాని లక్షణములే చెప్పును. తీపి వాసన, నేలపై ఆకుపచ్చని లేదా గులాబి రంగు తడి కనిపించినచో అది చల్లదన ద్రవము, అనగా కూలెంటు. పెట్రోలు వాసన వచ్చినచో బండిని స్టార్టు చేయక వెంటనే మెకానికును పిలువవలెను. ఇంజను నిలకడ లేక కొట్టుకొనుచు, ఎచటనో ఈల వంటి బుస వినిపించినచో గాలిని పీల్చు సన్నని వాక్యూము గొట్టము పగిలియుండవచ్చును. బ్రేకు పెడలు హఠాత్తుగా బిర్రబిగిసినచో బ్రేకులకు సాయపడు వాక్యూము గొట్టమును అనుమానింపవలెను. ఆ బండిని నడుపరాదు. చల్లగాలి యంత్రపు గొట్టములలో మిక్కిలి పీడనముతో వాయువు ఉండును. వానిని గృహస్థులు విప్పరాదు. మన చేతిపనికి లొంగునవి రేడియేటరు గొట్టములు.

వానిని మార్చు పద్ధతి ఇది. ఇంజను చల్లగా ఉండవలెను. బ్యాటరీ తీగెను ఒకదానిని విప్పి ఉంచుట మంచిది. ఏలయన విద్యుత్తుతో తిరుగు ఫ్యాను కొన్ని కార్లలో ఇంజను ఆగియున్నను తిరుగవచ్చును. క్రింద వెడల్పాటి బేసిను ఉంచి, రేడియేటరు అడుగుననున్న బిరడానో, క్రింది గొట్టమునో వదులు చేసి ద్రవమును పట్టుకొనుడు. ఆ ద్రవము రుచికి తియ్యగా ఉండును. కాని అందులోని ఇథిలీన్ గ్లైకాలు విషము. కుక్కలు, పిల్లులు దానిని నాకును. పసిపిల్లలు వ్రేలు ముంచి చూతురు. కనుక దానిని పెరటిలో పారబోయుటగాని, తెరచియుంచుటగాని ఎంతమాత్రము కూడదు.

తరువాత క్లిప్పులు వదులు చేయవలెను. మర త్రిప్పి బిగించు క్లిప్పును 1921లో బ్రిటిష్ నౌకాదళపు పూర్వోద్యోగి లమ్లీ రాబిన్సన్ రూపొందించెను. దానికి స్క్రూడ్రైవరు చాలును. ఈనాటి కార్లలో స్ప్రింగు క్లిప్పులు హెచ్చు. వాని చెవులను ప్లయరుతో నొక్కి జరుపవలెను. గొట్టము అంటుకొని రానిచో బలముగా లాగరాదు. రేడియేటరు మూతి నేడు తరచు ప్లాస్టిక్కుతో చేయబడుచున్నది. అది విరిగినచో పది రెట్ల ఖర్చు. పాత గొట్టమెట్లును పారవేయవలసినదే. కనుక మూతికి గీత పడకుండ గొట్టమునే నిలువునా కోసి తీయుట మేలు. మూతి లోహపుదైనచో మెత్తని ఎమెరీ కాగితముతోను, ప్లాస్టిక్కుదైనచో తడిబట్టతోను పొక్కును తుడువవలెను.

క్రొత్త గొట్టమును పాతదాని ప్రక్కనుంచి పొడవు, వంపు, రెండు కొనల వెడల్పు సరిచూడుడు. వంపు సరిపోనిదానిని బలవంతముగా వంచినచో నడుమ మడతపడి నీరు ఆగును. ముందుగా క్లిప్పులను గొట్టమునకు తొడుగవలెను. ఈ చిన్న పని మరచి తిరిగి విప్పువారెందరో! గొట్టము జారుటకు లోపల కొంచెము నీటి తడి చాలును. నూనె, గ్రీజు తగులరాదు. మూతిపై ఎత్తుగా ఉండు గట్టు దాటువరకు గొట్టమును త్రోసి, క్లిప్పును ఆ గట్టునకు వెనుకనే ఉంచి బిగింపవలెను. అతిగా బిగించినచో క్లిప్పు రబ్బరును కోయును.

నింపునప్పుడు బోరు నీరు పనికిరాదు. అందలి లవణములు సన్నని నాళములలో సున్నముగా పేరుకొనును. ఇందాక చెప్పిన బ్యాటరీ చేష్టకును తోడ్పడును. బ్యాటరీలకు వాడు శుద్ధజలమును, కారు పుస్తకములో చెప్పిన కూలెంటును, సాధారణముగా సగము సగము కలిపి పోయవలెను. మన ప్రాంతమున నీరు గడ్డకట్టు భయము లేదు గదా అని కూలెంటు మానరాదు. అది లోహమునకు త్రుప్పు పట్టకుండ కాపాడును, మరుగు వేడిని పెంచును. విప్పిన బ్యాటరీ తీగెను మరల తగిలించి, మూత తీసియుండగనే చల్లని ఇంజనును స్టార్టు చేసి, హీటరు మీటను వేడివైపునకు త్రిప్పియుంచినచో లోపల చిక్కుకొన్న గాలి బుడగలుగా బయటికి వచ్చును. మట్టము తగ్గినకొలది పోసి, ద్రవము వేడెక్కి పొంగకముందే మూత బిగింపవలెను. కొన్ని కార్లలో గాలి తీయుటకు వేరు మరయుండును. కొంతదూరము నడిపి, బండి చల్లబడిన పిమ్మట మట్టమును, క్లిప్పులను మరల చూచుకొనవలెను.

దారిలో గొట్టము చిట్లినచో ఏమి చేయవలెను? ముల్లు ఎర్రగీతను సమీపించినంతనే బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపుడు. మరి రెండు మైళ్ళు పోవుదమను ఆశయే హెడ్డును వంకర చేయునది. మూత ముట్టక, ఎంత ఆలస్యమైనను చల్లబడనిండు. కాలియున్న ఇంజనులో చన్నీరు పోయరాదు, లోహము బీటవారవచ్చును. పిమ్మట చీలికను తుడిచి, రబ్బరు పట్టీనో, గట్టి టేపునో బిగించి చుట్టి, నీరు నింపి, మూతను పూర్తిగా బిగింపక, మెల్లగా దగ్గరి ఊరి వరకు పోవచ్చును. అది గండము గడచుటకే గాని ప్రయాణము సాగించుటకు కాదు.

నాడు మేమును అట్లే సూర్యాపేట చేరితిమి. క్రొత్త గొట్టము వెల, మేమందరము ఆ పూట చేసిన భోజనము వెలకంటె హెచ్చు కాదు. అంత స్వల్పమైన వస్తువును గురించి ముందు రోజు ఉదయము రెండు వ్రేళ్ళు పెట్టి చూచియున్నచో ఆ ఎండలో గంటసేపు నిలువవలసిన పని యుండెడిది కాదు. మిత్రుని చేయి అంత ప్రమాదమునకు చేరువ కాకపోయెడిది. గొట్టము నాలుగైదేండ్లు దాటినచో, వేసవి ముదురకముందే ఒక ఉదయము బానెట్టు ఎత్తి, కొనలను నొక్కి చూడుడు. ఇంటివారితో దూరప్రయాణము తలపెట్టిన నాడు ఆ రెండు నిమిషముల పని తప్పక చేయుడు.