ఇంటర్ తర్వాత ‘బొమ్మల’ చదువు: సి.బెళగల్ నుంచి బీఎఫ్ఏ దాకా దారేది? ఉద్యోగం వస్తుందా?

పిల్లాడు నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు గీస్తే ఇంట్లో అందరూ మురిసిపోతారు. అదే పిల్లాడు ఇంటర్ అయ్యాక ‘బొమ్మలే చదువుకుంటా’ అంటే మాత్రం ఇల్లంతా ఒక్కసారిగా సైలెంట్ అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒక్కటే.. దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఈ ప్రశ్నకు బరువు ఇంకాస్త ఎక్కువ. సి.బెళగల్ పక్కనుంచే తుంగభద్ర పారుతుంది కానీ, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చాలా ఊళ్లలో సేద్యం వాన మీదే నడుస్తుంది. వాన మొహం చాటేస్తే పత్తి చేతికి రాదు. పనులు లేనప్పుడు సుగ్గి అంటూ గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోతాయి. అలాంటి ఇంట్లో నాలుగేళ్ల చదువంటే నాలుగేళ్ల పాటు ఒక మనిషి సంపాదన ఆగిపోవడమే. కాబట్టి తల్లిదండ్రులు అలా అడగడం తప్పేమీ కాదు. వాళ్లకు సూటిగా జవాబు చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు సమస్య.

ఆ సూటి జవాబు ఇదీ. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ కాగితం ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఆ నాలుగేళ్లలో చేతిలోకి వచ్చిన పని తెచ్చిపెడుతుంది. ఆ పనిని వరుసగా పేర్చి చూపించేదే పోర్ట్‌ఫోలియో. ఇంటర్వ్యూలో ముందుగా తెరిచేది దాన్నే, మార్కుల మెమో తర్వాతి మాట.

ఎంపీసీ, బైపీసీ అక్కర్లేదు

బీఎఫ్ఏ అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, నాలుగేళ్ల డిగ్రీ. ఇంటర్ ఏ గ్రూప్‌తో పాసైనా చేరొచ్చు. ఈ ఒక్క సంగతి తెలియకే ఎంతోమంది ఆగిపోతున్నారు. ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ గురించి ప్రతి ఊళ్లో గోడల మీద ప్రకటనలు కనిపిస్తాయి. ఆర్ట్ ఎంట్రన్స్ గురించి చెప్పే ఫ్లెక్సీ మాత్రం ఎక్కడా ఉండదు. తెలిసేసరికి నోటిఫికేషన్ గడువు దాటిపోయి ఉంటుంది, ఒక ఏడాది పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకోసం పెట్టిన పరీక్ష పేరు ఏడీసెట్, అంటే ఆర్ట్ అండ్ డిజైన్ కామన్ ఎంట్రన్స్ టెస్ట్. కడపలో 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ సి.బెళగల్ పిల్లలకు దగ్గరి గడప. కర్నూలు వెళ్లి కడప బస్సు ఎక్కితే చాలు. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ తెలుగునాట పాత పేరున్న చోటు. 2008లో యూనివర్సిటీ అయింది కానీ అక్కడి ఫైన్ ఆర్ట్స్ కాలేజీ చరిత్ర అంతకంటే చాలా పాతది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ల పాటు నడిచిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. నది దాటితే అవతలి గట్టు తెలంగాణే అయినా, సీటు దగ్గరకొచ్చేసరికి స్థానికత లెక్క వేరు. అప్లికేషన్ ఫీజు కట్టే ముందే ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ నిబంధన చదువుకోవాలి.

ఇంకా దూరం వెళ్లగలిగిన వాళ్లకు బనారస్ హిందూ యూనివర్సిటీ, శాంతినికేతన్‌లోని కళాభవన్, బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీ ఉన్నాయి. బనారస్‌కు సీయూఈటీ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్ పేరు విని బీఎఫ్ఏ కోసం వెతుకుతుంటారు కానీ అది ప్రధానంగా ఎంఎఫ్ఏ, అంటే పీజీ కోసం వెళ్లే చోటు.

బీఎఫ్ఏ, బీ.డిజైన్ రెండూ ఒకటే అనుకునేవాళ్లూ ఉన్నారు. అవి వేరు వేరు. నిడ్ ఎంట్రన్స్, ఐఐటీలు చూసే యూసీడ్ డిజైన్ కోర్సుల కోసం. అక్కడ ‘ఒక సమస్యకు పరిష్కారం ఎలా ఆలోచిస్తావ్’ అన్నదే కీలకం. బీఎఫ్ఏలో చేయి, కన్ను ముందు.

ఏ బ్రాంచ్ తీసుకుంటే ఎటు?

చాలా కాలేజీల్లో మొదటి ఏడాది అందరికీ కలిపి ఫౌండేషన్ ఉంటుంది. గీత, రంగు, మట్టి, అక్షరం అన్నీ కొద్దికొద్దిగా నేర్పిస్తారు. ఆ తర్వాత పెయింటింగ్, స్కల్ప్చర్, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్, ఫొటోగ్రఫీ లాంటి దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఉద్యోగం ప్రశ్నకు సగం జవాబు ఈ ఎంపికలోనే ఉంది.

త్వరగా జీతం అందుకోవాల్సిన ఇంటి నుంచి వచ్చిన పిల్లలు అప్లైడ్ ఆర్ట్ వైపు చూడటం మంచిది. దీని పునాదులు మన ఊళ్లలోనే కనిపిస్తాయి. ఒకప్పుడు ఎమ్మిగనూరు, ఆదోనిలో షాపు బోర్డులన్నీ పెయింటర్లు చేత్తో రాసేవారు. ఫ్లెక్సీ వచ్చాక ఆ బ్రష్షులు మూలన పడ్డాయి. ఇప్పుడు ఫ్లెక్సీ షాపులో కూర్చున్న కుర్రాడు ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లతో పని నడిపిస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ వచ్చు. కానీ ఏ అక్షరం ఎంత సైజులో ఉండాలి, ఎక్కడ ఖాళీ వదలాలి, ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే దూరం నుంచి కనిపిస్తుంది అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నలభై ఫొటోలు, ఏడు రంగులు, ఏదీ చదవడానికి రాదు! అప్లైడ్ ఆర్ట్‌లో నేర్పేది సరిగ్గా ఆ లోటునే. అది వచ్చినవాడికి యాడ్ ఏజెన్సీ, ప్యాకేజింగ్, పుస్తకాల కవర్లు, యాప్ డిజైన్, న్యూస్ చానళ్ల గ్రాఫిక్స్ విభాగం.. చాలా తలుపులు ఉంటాయి. తెలుగు అక్షరాల డిజైన్ ఇంకా పెద్దగా జనం లేని దారి. ఇంగ్లిష్‌లో దొరికే వేల ఫాంట్లతో పోలిస్తే మనకున్నవి చాలా తక్కువ.

యానిమేషన్ వాళ్లకు హైదరాబాద్ స్టూడియోలే ప్రధాన ఆధారం. 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాలో ఈగను తెరమీద ఆడించింది హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ. ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువ, ప్రాజెక్టులు లేని నెలలూ ఉంటాయి. ఆ సంగతి తెలుసుకునే చేరాలి.

పెయింటింగ్, శిల్పం నిదానంగా ఫలించే దారులు. ఎంఎఫ్ఏ, ఆ తర్వాత విజువల్ ఆర్ట్ సబ్జెక్టులో యూజీసీ నెట్ రాస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత వస్తుంది. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచర్ పోస్టులు ఉంటాయి. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, మ్యూజియంలు, గుడి పనులు మరో వైపు. కేవలం గ్యాలరీలో బొమ్మలు అమ్ముకుని బతకడం మాత్రం కొద్దిమందికే, అదీ చాలా ఏళ్ల తర్వాతే సాధ్యమవుతుంది. కాలేజీ బ్రోచర్లు ఈ ముక్క చెప్పవు.

పల్లె నుంచి వెళ్లినవాళ్లు ఏం చేశారు?

రాయలసీమ పల్లె నుంచి బొమ్మలు నమ్ముకుని వెళ్లినవాళ్లు లేరా అంటే, కృష్ణారెడ్డి పేరు చెప్పాలి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. చదువవగానే పారిస్ వెళ్లిపోలేదు. మధ్యలో మద్రాసు కళాక్షేత్రలో ఆర్ట్ విభాగం చూసుకున్నారు, అంటే ఉద్యోగం చేశారు. తర్వాత లండన్ స్లేడ్ స్కూల్‌కు, అక్కడి నుంచి పారిస్‌లోని అటెలియర్ 17 అనే ప్రింట్ స్టూడియోకు చేరారు.

ప్రింట్ల రంగంలో ప్రపంచం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది విస్కాసిటీ ప్రింటింగ్ వల్ల. మామూలుగా ప్రింట్‌లో ఒక్కో రంగుకూ ఒక్కో ప్లేటు కావాలి. ఈ పద్ధతిలో ఒకే లోహపు ప్లేటును లోతు ఎక్కువ తక్కువలుగా చెక్కుతారు. రంగుల్లో నూనె పాళ్లు మారుస్తారు, ఒకటి పల్చగా, ఒకటి చిక్కగా. మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది. నూనె తేడా వల్ల రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. ఒక్క ప్లేటు, ఒక్క ఒత్తు, అన్ని రంగులు! ఆ స్టూడియోలో మరికొందరితో కలిసి ఈ పద్ధతిని ఆయన తీర్చిదిద్దారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2018లో అక్కడే కన్నుమూశారు. ఆయన్ని అంత దూరం తీసుకెళ్లింది రంగు, లోహం ఎలా ప్రవర్తిస్తాయో ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్న ఓపిక.

తెలంగాణ పల్లె నుంచి వచ్చిన తోట వైకుంఠం కథ మరో రకం. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో, తర్వాత బరోడాలో చదివారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు చూడగానే ఆయనవని ఇప్పుడు ఎవరైనా చెప్పేస్తారు. అదే మనిషి బి.నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. సొంత ఊరి మనుషులనే గీశారు, సినిమా పనీ చేశారు.

ఇక బాపు. ఆయన చదివింది లా! 1955లో మద్రాసు యూనివర్సిటీ నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. డిగ్రీ లేకుండా చిత్రకారుడు కాలేరన్న రూలేమీ లేదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు. కాకపోతే బాపు ఉన్న మద్రాసులో పత్రికలు, సినిమాలు, సాటి కళాకారులు చుట్టూ ఉన్నారు. పల్లెటూరి పిల్లాడికి అలాంటి చుట్టుపక్కల మనుషులను ఇచ్చేది కాలేజీయే. ఫీజుకు దక్కే వాటిలో అసలు విలువైనది బహుశా అదే.

చేరకముందే ఇంట్లో చేయాల్సింది

నాలుగేళ్లు పందెం కాసే ముందు ఒక ఏడాది పరీక్షించుకోవచ్చు, పెద్ద ఖర్చు లేకుండా. 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు, ఒక చౌక స్కెచ్‌బుక్, ఒక పోస్టర్ కలర్స్ పెట్టె చాలు. రోజూ గంట. హీరోల ఫొటోలు చూసి గీయడం మానేయాలి. దాంతో లైకులు వస్తాయి కానీ కన్ను ఎదగదు. ఫొటోలో వెలుగు, నీడ ఎవరో ముందే తేల్చేసి ఉంటారు.

ఎదురుగా ఉన్నదాన్ని గీయాలి. బస్టాండులో మూటల మీద కూర్చున్నవాళ్లు, పత్తి తీస్తున్న చేతులు, కాడి కింద ఎద్దు మెడ, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాల కుప్పలు, తుంగభద్ర గట్టు. ఎమ్మిగనూరు మగ్గం ఒక్కటి చాలు నెల రోజుల పాఠానికి. పడుగు, పేక, చెక్క ఫ్రేము, గుంటలో కాళ్లు.. పర్‌స్పెక్టివ్ అంతా అందులోనే ఉంది. సెలవు దొరికితే అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల శిల్పాలు, ఓర్వకల్లు దగ్గర కేతవరం కొండల మీది ఆదిమానవుల రాతిచిత్రాలు కర్నూలు నుంచి ఒక్క రోజులో చూసిరావచ్చు.

ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షల్లో సాధారణంగా చూసేది చూడకుండా గుర్తుతో గీయడం, వస్తువును చూసి గీయడం, రంగుల అవగాహన, కళల మీద జనరల్ నాలెడ్జ్. పరీక్ష పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాత ప్రశ్నపత్రాలు చూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు కూడా మంచి రిహార్సల్. సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది, పరీక్ష హాల్లో గడియారం చూస్తూ గీయడమూ అలవాటవుతుంది.

పోర్ట్‌ఫోలియోలో వంద బొమ్మలు కుక్కొద్దు. పదిహేను, ఇరవై గట్టివి పెట్టాలి. వాటితో పాటు తప్పుల తడకగా ఉన్న స్కెచ్‌బుక్ పేజీలూ ఉంచాలి. పిల్లాడు ఎలా ఆలోచిస్తాడో పరీక్షకులకు అక్కడే తెలుస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. పొద్దున్నే నీడపట్టున, కాగితానికి ఎదురుగా నిలబడి తీస్తే చాలు.

ఏఐ అన్నీ గీసేస్తోంది కదా, ఇంక ఈ చదువెందుకు అనే మాట కూడా వినిపిస్తోంది. పూర్తిగా కొట్టిపారేయలేం. చౌకగా, వేగంగా కావాల్సిన పోస్టర్ల పని ఏఐ తీసుకుపోతోంది. ఆ స్థాయి పని మాత్రమే వచ్చినవాళ్లకు కష్టకాలమే. కానీ క్లయింటు ‘ఇది కాదు, ఇంకోలా’ అన్నప్పుడు ఎందుకు కాదో చెప్పి మార్చగలిగేవాడు కావాలి. ఏఐ ఇచ్చిన బొమ్మలో మగ్గం తప్పుగా ఉందని పట్టుకునేది మగ్గం గీసినవాడే.

డబ్బు మాటేంటి?

చేరే ముందు కాలేజీలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని. రెండోది హాస్టల్. మూడోది చాలామంది మర్చిపోయేది, రంగులు, కాన్వాస్, కంప్యూటర్ ఖర్చు. ఫీజు మాఫీ అయినా ఇవి ఏటా చేతి నుంచి పెట్టుకోవాల్సిందే.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్ల పాటు నెలకు రూ.5,000 స్కాలర్‌షిప్ ఇస్తోంది. దృశ్యకళలు కూడా అందులో ఉన్నాయి. పోటీ ఎక్కువ, ప్రయత్నించడానికి మాత్రం భయం అక్కర్లేదు.

నాలుగేళ్ల యూనివర్సిటీ చదువు మోయలేని ఇళ్లకు పదో తరగతి తర్వాతే వేరే దారులున్నాయి. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో రాతి శిల్పం, లోహ శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ లాంటివి నేర్పిస్తారు. కోర్సు పూర్తి చేసిన వాళ్లకు, వాళ్ల పేరిట వేసిన లక్ష రూపాయల డిపాజిట్‌ను వడ్డీతో కలిపి ఇస్తున్నారు. చేతిలో పనితో పాటు ఉలి కొనుక్కోవడానికి పెట్టుబడీ దొరికినట్టే. ఎమ్మిగనూరు వైపు నేత కుటుంబాల పిల్లలైతే వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా చూడొచ్చు. ఇంట్లో తాత నేసిన అంచునే అక్కడ డిజైన్‌గా గ్రాఫ్ కాగితం మీద మళ్లీ గీయడం నేర్చుకుంటారు.

ఏ దారి పట్టినా కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు. సుగ్గి వల్ల మధ్యలో స్కూలు మారిన పిల్లలకు ఈ స్టడీ సర్టిఫికెట్ల దగ్గరే ఎక్కువ ఇబ్బంది వస్తుంది. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పరిగెత్తేకంటే, ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే చదివిన ప్రతి స్కూలు నుంచి తెచ్చి ఫైల్‌లో పెట్టుకోవడం మంచిది.