కోడి కింద కారిన రసమే గ్రేవీకి ప్రాణం
రుచి పళ్లెం అడుగున ఉంది... ముప్పు చల్లారిన గిన్నెలో ఉంది

నవంబరు నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన ఊళ్ల పిల్లలు ఫోనులో ‘టర్కీ పండుగ’ మాట ఎత్తుతుంటారు. దాని అసలు పేరు థాంక్స్ గివింగ్. కృతజ్ఞతలు చెప్పుకునే రోజని అర్థం. ఈ పండుగను దేశమంతా జరుపుకోవాలని 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ప్రకటించారు. 1941లో చేసిన చట్టం ప్రకారం ఏటా నవంబరు నాలుగో గురువారం సెలవు. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి టర్కీ కోడి మాంసంతో విందు చేసుకుంటారు.

ఈ పక్షి పుట్టిల్లు టర్కీ దేశం కాదు, ఉత్తర అమెరికా ఖండం. మెక్సికో ప్రాంత ప్రజలు దీన్ని మచ్చిక చేసుకోగా, 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఐరోపాకు తీసుకుపోయారు. ఇప్పుడు మన రాష్ట్రాల్లోనూ కొందరు రైతులు పెంచుతున్నారు.

పండుగనాడు ఈ కోడిని ముక్కలు కొట్టరు. నిండు కోడిని లోతైన పళ్లెంలో పెట్టి, సుమారు 163 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో ఓవెన్‌లో కాలుస్తారు. ఆరు కిలోల కోడి కాలడానికి మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరితేనే తినడానికి పనికివస్తుంది. కారం, మసాలా అంతగా పట్టించని ఆ మాంసం, అందులోనూ రొమ్ము భాగం, పొడిపొడిగా ఉంటుంది. దాన్ని గొంతు దిగేలా చేసేది గ్రేవీయే. చిదిమిన బంగాళాదుంప ముద్ద మీద కూడా దీన్నే పోసుకుంటారు.

మనం మాంసాన్ని పులుసులోనే ఉడికిస్తాం. వారు మాంసాన్ని విడిగా కాల్చి, గ్రేవీని విడిగా కాస్తారు. కాలుతున్న కోడి నుంచి పళ్లెంలోకి కారిన రసం, కొవ్వే దానికి ముడిసరుకు.

పారబోస్తే రుచి పోయినట్లే

కోడిని బయటికి తీశాక పళ్లెంలో మూడు వస్తువులు మిగులుతాయి. పైన తేలే కొవ్వు, కింద ఉండే రసం, అడుగున అంటుకున్న గోధుమరంగు పొర. తెలియనివారు ఆ పొరను మాడు అనుకుని తోమేస్తారు. నిజానికి రుచంతా అందులోనే ఉంది. వెన్న కాచిన గిన్నె అడుగున మిగిలే గసిలో అన్నం కలుపుకుని తిన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మాంసంలోని మాంసకృత్తుల అంశాలు, చక్కెరలు వేడికి కలిసి మార్పు చెందడం వల్ల ఆ రంగు, ఆ కమ్మని వాసన పుడతాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ 1912లో ఈ మార్పును వివరించారు. రొట్టె కాలినప్పుడు వచ్చే వాసనకూ ఇదే కారణం. అయితే పొర నల్లగా బొగ్గయితే మాత్రం చేదెక్కుతుంది. అది పనికిరాదు. అలా మాడకుండా కోడి కాలుతున్నప్పుడే పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోస్తుంటారు.

చేసే విధానం

కోడి మెడ, గుండెకాయ, కందనకాయలను నీటిలో సన్నని మంట మీద ఉడికించి, వడకట్టి ఉంచుకుంటారు. కార్జం వేస్తే ఆ నీటికి చేదు వస్తుందని దాన్ని పక్కన పెడతారు. పళ్లెంలోని రసాన్ని, కొవ్వును ఒక పొడవాటి గిన్నెలోకి వంచి కాసేపు కదపకుండా ఉంచితే, పాల మీద మీగడలా కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి విడిగా పెట్టుకోవాలి. ఖాళీ అయిన పళ్లెంలో కొంచెం వేడినీళ్లు పోసి, చెక్క గరిటెతో అడుగు గీకి, ఆ నీటిని రసంలో కలపాలి.

తరువాత పావు కప్పు కొవ్వును వేడిచేసి, అందులో పావు కప్పు మైదా వేసి పచ్చివాసన పోయేవరకు వేయించాలి. పళ్లెంలోని రసం, కోడి మెడ ఉడికించిన నీరు కలిపి రెండు కప్పులు తీసుకుని, కొద్దికొద్దిగా పోస్తూ ఆపకుండా కలపాలి. నాలుగైదు నిమిషాలు మరిగితే చిక్కబడి గరిటెకు అంటుకుంటుంది. మరీ గట్టిపడితే మరికొంచెం నీరు పోయవచ్చు. కొందరు కోడిని ముందే ఉప్పునీటిలో నానబెడతారు కనుక రసంలోనే ఉప్పు ఉంటుంది. అందుకే రుచి చూసి చివరన ఉప్పు, మిరియాల పొడి వేస్తారు.

ఉండలు కట్టడమే చాలామందికి వచ్చే చిక్కు. పొడి పిండిని మరిగే నీటిలో వేస్తే పైపొర వెంటనే జిగురుగా మారి, లోపలి పిండిని తడవనివ్వదు. మన ఇళ్లలో రాగి జావకు పిండిని ముందు చన్నీళ్లలో కలిపి ఆ తరువాతే ఎసట్లో పోసేది ఇందుకే. గ్రేవీలో ముందుగా పిండిని కొవ్వులో వేయించడం వల్ల రేణువులు దేనికది విడిపోయి ఉండలు కట్టవు.

నిలవ ఉంచితేనే ప్రమాదం

ఇంత శ్రమపడి చేసిన గ్రేవీ పొయ్యి దించాక కొత్త గండం ఉంది. క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి వల్ల తమ దేశంలో ఏటా దాదాపు 10 లక్షల మంది జబ్బు పడుతున్నారని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. పండుగలు వచ్చే నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ జబ్బు తరచుగా కనిపిస్తుంది. మాంసం, కోడి మాంసం, గ్రేవీ దీనికి అనువైన తిండి.

ఈ సూక్ష్మజీవి గట్టి పెంకు గల బీజాల రూపంలో ఉడుకును కూడా తట్టుకుంటుంది. గిన్నె మెల్లగా చల్లారుతున్నప్పుడు ఆ బీజాలు మొలకెత్తి విపరీతంగా పెరుగుతాయి. దీనికి గాలి అక్కరలేదు. అందుకే లోతైన పెద్ద గిన్నె అడుగు భాగం దీనికి మంచి తావు. తిన్న 6 నుంచి 24 గంటల్లోపు కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కువమందికి ఒక రోజులోపే తగ్గుతుంది కాని, పసిపిల్లలకు, వృద్ధులకు నీరసం ప్రమాదకరం కావచ్చు. చెడువాసన రాలేదు కదా అని నమ్మడానికి లేదు.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. వడ్డన సాగినంతసేపూ గ్రేవీని 60 డిగ్రీలకు తగ్గకుండా సెగ మీదే ఉంచాలి. సెగ తీసిన గ్రేవీని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. మిగిలినదాన్ని ఒకే గిన్నెలో వదిలేయకుండా, లోతు తక్కువ గల చిన్న పాత్రల్లోకి వంచి త్వరగా చల్లబరచి ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ వాడేటప్పుడు గోరువెచ్చగా కాదు, తెర్లేటట్లు కాచాలి.

టర్కీ కోడి ఎరుగని ఊళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. పెళ్లికో జాతరకో పెద్ద గుండిగలో పొద్దున వండిన మాంసం కూరను మూతపెట్టి రాత్రి బంతి దాకా ఉంచేస్తే, అక్కడ జరిగేదీ ఇదే. పొద్దుటి బంతికి సరిపడా ఒకసారి, రాత్రికి మరోసారి వండుకుంటే వంటవారికి శ్రమ రెట్టింపు అవుతుంది. కాని బంధువులు క్షేమంగా ఇళ్లకు చేరతారు.