పేరొకరిది... కబురొకరికి!

ఒకప్పుడు మన పల్లెల్లో వెంకటేశ్వర్లు పేరు మీద ఉత్తరం వస్తే పోస్ట్‌మ్యాన్ దాన్ని రెండుసార్లు తిప్పి చూసేవాడు. ఊరికి ఒక్క వెంకటేశ్వర్లు ఉంటే కదా! తాత పేరు మనవలకు పెట్టే ఆచారం పుణ్యమా అని పెదనాన్న కొడుకూ చిన్నాన్న కొడుకూ ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో పెరుగుతారు. అందుకే జనం బావికాడ వెంకటేశ్వర్లు, మిల్లు వెంకటేశ్వర్లు అని గుర్తులు తగిలించుకున్నారు. కవరు మీద చేతిరాత చూసి, ఏ ఊరి ముద్ర పడిందో చూసి, 'ఇది మిల్లాయన అల్లుడు రాసింది' అని పోల్చుకునే నేర్పు పోస్ట్‌మ్యాన్‌కు ఉండేది.

సెల్‌ఫోన్‌లో ఆ పోస్ట్‌మ్యాన్ లేడు. ఇన్‌స్టాగ్రామ్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో ఏ పేరు నొక్కితే కబురు ఆ పేరుగల వారి ఇంట్లోనే పడుతుంది. వారు మనం అనుకున్నవారేనా అని అడిగే నాథుడుండడు.

మా బంధువుల కుర్రవాడొకడు డిగ్రీలో ఉండగా ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి తన పేరునే యూజర్‌నేమ్‌గా పెట్టుకున్నాడు. కొన్నేళ్లకు పట్నంలో సరిగ్గా అదే పేరుతో ఒక నర్సింగ్ హోమ్ వెలిసింది. వారు తమ ఖాతాకు పేరు చివర ఏవో అంకెలు తగిలించుకున్నారు. రోగులకు ఆ అంకెలు ఎందుకు గుర్తుంటాయి? పేరు కొట్టగానే మావాడు ముందు కనబడేవాడు. ఇక చూడండి, 'డాక్టరుగారు రేపు ఉంటారా?', 'ఓపీ ఫీజు ఎంత?' అని అడిగేవారు కొందరు. అడక్కుండానే స్కానింగ్ రిపోర్టు ఫొటో తీసి పంపేవారు మరికొందరు. మొదట్లో మావాడు నవ్వుకున్నాడు. స్నేహితులు 'ఏం డాక్టరుగారూ' అని ఆటపట్టించారు.

ఒక రాత్రి ఎవరో తల్లి, 'బాబుకు జ్వరం తగ్గలేదు, ఇప్పుడు తీసుకురమ్మంటారా?' అని రాసింది. పరిచయం లేనివారి కబుర్లు ఇన్‌స్టాగ్రామ్‌లో 'మెసేజ్ రిక్వెస్టులు' అనే పక్క అరలో పడతాయి. మావాడు తెల్లవారి ఎప్పుడో చూశాడు. కంగారుగా నర్సింగ్ హోమ్ ఫోన్ నంబరు వెతికి పంపాడు. ఆమె అప్పటికే పిల్లవాణ్ని వేరే ఆస్పత్రికి తీసుకెళ్లిందట. బాబు కోలుకున్నాడు. మావాడికి మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు. 'పేరు మార్చేస్తాను' అని కూర్చున్నాడు.

గోల్‌కీపర్ గోడు

ఇలాంటి తిప్పలు పెద్దవాళ్లకూ తప్పలేదు. 2021 సెప్టెంబరులో పంజాబ్ ముఖ్యమంత్రి పదవికి అమరీందర్ సింగ్ రాజీనామా చేశారు. ఆ వార్తలు రాస్తూ విలేకరులు ట్విట్టర్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ అమ్రీందర్ సింగ్ ఖాతాను తగిలించడం మొదలుపెట్టారు. చివరకు ఆ ఆటగాడే, 'బాబూ, నేను గోల్‌కీపర్ని, మాజీ ముఖ్యమంత్రిని కాను' అనే అర్థంలో బహిరంగంగా మొరపెట్టుకున్నాడు. మాజీ ముఖ్యమంత్రి కూడా ఆ కుర్రవాడి మీద సానుభూతి చూపి, రాబోయే ఆటలకు శుభాకాంక్షలు చెప్పారు.

అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన ఒక యువతి తన ముద్దుపేరును బట్టి 'ది ఆషెస్' అని ఖాతా పెట్టుకుంది. 2010 నవంబరులో ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్ల మధ్య ఆషెస్ క్రికెట్ మొదలయ్యేసరికి స్కోరు అడిగేవారు ఎగబడ్డారు. క్రికెట్ అంటే ఏమిటో తెలియని ఆ పిల్ల, నేను మ్యాచ్‌ను కాను మహాప్రభో అని గోల పెట్టింది. జనానికి అది మరీ ముచ్చటేసింది. ఆఖరికి ఒక విమాన సంస్థ ఆమెకు ఉచితంగా టికెట్ ఇచ్చి సిడ్నీ టెస్టుకు తీసుకెళ్లింది.

బ్రిటన్‌లో జాన్ లూయిస్ అనే పెద్ద దుకాణాల సంస్థ ఉంది. అమెరికాలోని వర్జీనియాలో ఉండే ఒక కంప్యూటర్ మాస్టారి పేరు కూడా అదే. ట్విట్టర్‌లో ఆ పేరు ముందుగా దొరికింది మాస్టారికే. సోఫా ఇంకా రాలేదని ఎక్కడో లండన్‌లో అలిగినవారు ఈయన మీద విరుచుకుపడతారు. ఆయన ఏళ్ల తరబడి పేరు మార్చుకోకుండా, అందరికీ ఓపికగా అసలు దుకాణం దారి చూపుతూ వచ్చారు. అంత ఓపిక అందరికీ ఎక్కడినుంచి వస్తుంది?

మార్చడం తేలికే, ఆ తరువాతే చిక్కు

ఖాతాలో రెండు పేర్లుంటాయి. పైకి కనబడే పేరు ఎంతమందికైనా ఒకటే ఉండవచ్చు. యూజర్‌నేమ్ మాత్రం ఒక్కరికే. ప్రొఫైల్‌ను సవరించే చోట యూజర్‌నేమ్ మార్చడం రెండు నిమిషాల పని. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 అక్షరాల దాకా, ఎక్స్‌గా మారిన ట్విట్టర్‌లో 15 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. మీ మిత్రులు, మీ ఫొటోలు ఎక్కడికీ పోవు. పేరు పక్కన ఊరి పేరో, చేసే పనో చేర్చుకుంటే చాలావరకు తికమక తీరుతుంది. మిల్లు వెంకటేశ్వర్లు చేసిందీ అదే కదా!

అయితే మీరు వదిలిన పేరు ఖాళీ ఇల్లు లాంటిది. కొంతకాలానికి ఎవరైనా వచ్చి చేరవచ్చు. వచ్చేది ఎవరో ప్రబుద్ధుడైతే? డాక్టరు అపాయింట్‌మెంట్ అడిగిన ముసలమ్మకు క్యూఆర్ కోడ్ పంపి, 'ముందు 500 కట్టండి' అంటే ఆమె కట్టదని ఎవరు చెప్పగలరు? మావాడికి ఈ సంగతి చెబితే నొక్కబోయిన వేలు ఆపుకున్నాడు.

వచ్చేవి సోఫా తగాదాలో, క్రికెట్ స్కోర్లో అయితే నిశ్చింతగా పేరు మార్చుకుని బయటపడవచ్చు. రోగాలూ, డబ్బూ నడిచే చోట ఈ వ్యాసకర్తకు తోచిన దారి వేరు. పాత ఖాతాను అలాగే ఉంచి, పైన 'ఇది ఆస్పత్రి కాదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని బోర్డు పెట్టి, తన వాడకానికి కొత్త పేరుతో ఇంకో ఖాతా తెరవడం. ఇందులో నష్టం లేకపోలేదు. పాత మిత్రులను మళ్లీ ఒక్కొక్కరినే పిలుచుకోవాలి. పాత ఖాతాను అప్పుడప్పుడూ తెరిచి చూస్తూ ఉండాలి.

మావాడు అలాగే చేశాడు. కొత్త పేరులో ఊరి పేరు చేర్చాడు. పాత ఫొటోలన్నీ తీసేసి బోర్డు ఒక్కటే ఉంచాడు. వారానికోసారి లోపలికి తొంగిచూస్తాడు. బోర్డు పెట్టాక కబుర్లు సగానికి సగం తగ్గాయట.

పోయిన నెలలో పట్నం వెళ్లినప్పుడు ఆ నర్సింగ్ హోమ్ కౌంటరు దగ్గర ఆగి, తమ యూజర్‌నేమ్‌ను అంకెలతో సహా గుమ్మం దగ్గర, మందుల చీటీ మీద రాయించమని అడిగాడు. అక్కడి అమ్మాయి, 'ఓహో, ఆ ఖాతా మీదేనా అన్నా!' అని నవ్వి, డాక్టరుగారికి చెబుతానంది. ఇంకా రాయించలేదు.