తెరచుకొనని ఫోల్డర్లు

నేడు పల్లెలలో సైతము పలువురి యిండ్లకు కంప్యూటరు వచ్చినది. పంచాయతీ సభ్యులు తీర్మానముల నకళ్లను, పొలము కాగితముల ప్రతులను, పిల్లల పెండ్లి ఫోటోలను అందు దాచుకొనుచున్నారు. విండోస్ చెడి మరల ఎక్కించిన పిమ్మటనో, పాత హార్డ్ డిస్కును కొత్త యంత్రమునకు తగిలించిన పిమ్మటనో, ఫోల్డరును తెరవబోగా 'యాక్సెస్ డినైడ్' అని తెరపై కనబడుట కలదు. ఫైళ్లు పాడైనవని తలచి డిస్కును ఫార్మాట్ చేయించువారును కలరు. తొందరపడవలదని మా మనవి. ఈ మాట ఫైలు చెడినదని చెప్పదు, మీకు అనుమతి లేదని మాత్రమే చెప్పును. ఫార్మాట్ చేసిననే నిజముగా నష్టము.

1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ప్రతి ఫైలునకు ఒక యజమాని యుండును. ఎవరు చదువవచ్చునో, ఎవరు మార్చవచ్చునో తెలుపు జాబితా వేరుగా నుండును. అడంగలులో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు గదా! అయితే కంప్యూటరు మనుష్యుని పేరుతో గుర్తింపదు, ఒక పొడవైన సంఖ్యతో గుర్తించును. విండోస్ మరల ఎక్కించి పాత పేరే పెట్టుకొన్నను ఆ సంఖ్య మారిపోవును. అందుచే మీ ఫైళ్లకు మీరే పరాయివారగుదురు.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ప్రవేశించి, ఫోల్డరుపై మౌసు కుడి బటను నొక్కి 'ప్రాపర్టీస్', అందు 'సెక్యూరిటీ', పిదప 'అడ్వాన్స్‌డ్' తెరవవలెను. 'ఓనర్' ఎదుట 'ఛేంజ్' నొక్కి మీ ఖాతా పేరు వ్రాసి, లోపలి ఫోల్డర్లకును యజమానిని మార్చు గడిలో టిక్కు పెట్టి 'అప్లై' నొక్కవలెను. అంతటితో పట్టా మాత్రమే మారును. అన్నిటిని మూసి మరల 'సెక్యూరిటీ' తెరచి, 'ఎడిట్' ద్వారా మీ పేరు చేర్చి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చుకొనవలెను. ఈ రెండవ పని చేయక, ఫలితము లేదని విసుగుచెందువారు కలరు.

విసుగుతో సి డ్రైవు మొత్తమునకు ఇట్లు చేయరాదు; విండోస్ నడువకపోవచ్చును. 'ఎవ్రీవన్' పేర పూర్తి అధికార మిచ్చినచో ఆ యంత్రములో ఖాతా గల ప్రతివారును మీ ఫైళ్లను తుడిచివేయగలరు. పంచాయతీ కార్యాలయపు కంప్యూటరులో నయితే అనుమతులు బుద్ధిపూర్వకముగ పెట్టినవి కావచ్చును. అచట స్వయముగ పూనుకొనక కార్యదర్శికి తెలుపవలెను.

కొన్ని సందర్భములలో ఈ ఉపాయము పనిచేయదు. బిట్‌లాకర్‌తో తాళము వేసిన డిస్కును వేరొక యంత్రమునకు తగిలించినచో, యజమాని యెవరన్నది అటుంచి, 48 అంకెల రికవరీ కీ అడుగవచ్చును. విండోస్ మరల ఎక్కించుటకు ముందే దానిని కాగితముపై వ్రాసి బీరువాలో నుంచవలెను.