మీటరు కిటికీకి ఎన్ని లవంగాలు?

చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీగ్రాములు. ఇంట్లోకి చీమలు రాకుండా మొక్కలతో ఆపాలనుకునేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇది. తైవాన్ పరిశోధకులు లవంగాల పొడిని ఈ మోతాదులో చల్లి చూసి, 2013లో ఫలితాలు ప్రచురించారు. 3 గంటల్లో 99 శాతం చీమలు ఆ చోటు వదిలి దూరంగా జరిగాయి. 6 గంటలు గడిచేసరికి పొడి తగిలిన చీమలన్నీ చనిపోయాయి. పరీక్షించింది సోలెనాప్సిస్ ఇన్విక్టా అనే కుట్టే ఎర్రచీమను. మన పెరళ్లలో కనిపించే సోలెనాప్సిస్ జెమినేటాకు అది దగ్గరి చుట్టం.

ఈ లెక్కను మన ఇంటికి అన్వయించి చూద్దాం. కిటికీ అంచు పొడవు ఒక మీటరు, దాని మీద 2 సెంటీమీటర్ల వెడల్పున పొడి చార గీస్తామనుకుందాం. అది 200 చదరపు సెంటీమీటర్లు. కావలసిన పొడి 600 మిల్లీగ్రాములు. మంచి లవంగం ఒకటి దాదాపు 0.1 గ్రాము తూగుతుంది. అంటే ఆరు లవంగాలు, సన్నవైతే పది. అదే అధ్యయనంలో వాడిన పెద్ద మోతాదు 12 మిల్లీగ్రాములు. ఆ లెక్కన రెండున్నర గ్రాములకు కాస్త తక్కువ. ఎలా చూసినా వంటింటి పోపులపెట్టెలో ఉన్న సరుకు సరిపోతుంది. అప్పటికప్పుడు దంచి చల్లాలన్నదే షరతు.

ఇప్పుడు కిటికీలో పెట్టే పుదీనా కుండీ సంగతి. పుదీనా, తులసి, నిమ్మగడ్డి పెంచితే చీమలు రావని చాలామంది నమ్మి కుండీలు కొంటున్నారు. మొక్కలు పెంచడం మంచిదే. ఆ పని మాత్రం వాటివల్ల కాదు, ఎందుకంటే వాటిలో ఉన్న నూనె తక్కువ. 100 గ్రాముల పచ్చి నిమ్మగడ్డి నుంచి తీయగలిగే నూనె అర గ్రాము లోపే. 100 గ్రాముల లవంగాల నుంచి 15 నుంచి 20 గ్రాములు వస్తుంది. ముప్ఫై నలభై రెట్ల తేడా! పైగా పుదీనా, తులసి ఆకుల మీద ఆ నూనె కంటికి ఆనని చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. ఆకు నలిగితేనే తిత్తి పగులుతుంది, వాసన బయటికొస్తుంది. నలగని ఆకుల పక్కనుంచి చీమల బారు ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతుంది.

పుదీనా విషయంలో ఇంకొక చిక్కు ఉంది. చీమల మీద మంచి ఫలితాలు చూపిన పుదీనా నూనెల్లో ఎక్కువగా కనిపించేది మెంథాల్ ఉండే పెప్పర్‌మింట్. మనం పచ్చడి చేసుకునే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ రకం, దాని వాసనకు మూలం కార్వోన్ అనే వేరే పదార్థం. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి అంటగట్టడం సరికాదు.

ఇంతకీ చీమలు దారి ఎలా పట్టుకుంటాయి? తిండి దొరికిన చీమ తిరిగి వెళ్తూ పొట్ట కింది గ్రంథి నుంచి నేల మీద రసాయనం పూస్తూ పోతుంది. అది ఎంత తక్కువ పరిమాణంలో పనిచేస్తుందంటే, ఆకులు కత్తిరించే అమెరికా చీమ ఒకదాని దారి రసాయనం ఒక్క మిల్లీగ్రాము ఉంటే భూమి చుట్టూ మూడుసార్లు గీత గీయడానికి చాలునని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కానీ గీసిన గీత ఎక్కువసేపు నిలవదు. ఇళ్లలో తిరిగే ఫారో చీమల మీద 2003లో చేసిన ప్రయోగంలో, ప్లాస్టిక్ మీద సుమారు 9 నిమిషాలకు, వార్తాపత్రిక కాగితం మీద 3 నిమిషాలకు ఆ వాసన సగానికి పడిపోయింది. బారు తెగకపోవడానికి కారణం, వెనక వచ్చే ప్రతి చీమా మళ్లీ పూయడమే. అందువల్ల పొడి చల్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో బారు నడిచిన దారంతా, గోడ మీదిది కూడా, తుడవాలి. ఆ తర్వాతే లవంగం. ఈ క్రమం తప్పితే సగం శ్రమ వృథా.

ఇక్కడ నాకు ఎంతో నచ్చిన సంగతొకటి చెప్పాలి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో నేచర్ పత్రికలో ఒక విషయం బయటపెట్టారు. తిండి లేని దారి చీలిక దగ్గర ఫారో చీమలు వేరొక వాసన పూస్తాయట, వెనక వచ్చేవాటికి ఇటు రావొద్దని చెప్పడానికి. వాసనతో దారి మూసే పద్ధతి వాటికి ముందే ఉంది.

మరి మనం వేసిన వాసన ఎంతకాలం నిలుస్తుంది? ఆయా పదార్థాలు మరిగే ఉష్ణోగ్రతలు చూస్తే ఓ అంచనా వస్తుంది. నారింజ తొక్కలోని లిమోనీన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మెంథాల్ 212, నిమ్మగడ్డిలోని సిట్రాల్ 229, దాల్చిన చెక్కలోని సిన్నమాల్డిహైడ్ 248, లవంగంలోని యూజినాల్ 254. అంకె ఎంత తక్కువైతే అంత త్వరగా గాలిలో కలిసిపోతుందని స్థూలంగా అనుకోవచ్చు. నిమ్మతొక్కలు, నారింజ తొక్కలు రుద్దిన గడప పూటలోనే మామూలైపోవడానికి కారణం ఇదే. మన ఎండలకు, తిరిగే ఫ్యానుకు అది ఇంకా తొందరగా ఎగిరిపోతుంది.

గాలి ఎంత తేడా తెస్తుందో చూపే అంకెలు కూడా తైవాన్ నుంచే వచ్చాయి. అక్కడి దాల్చిన జాతి చెట్టు ఆకుల నూనెను 2 శాతం మోతాదులో ఎర్రచీమల మీద పరీక్షించి 2008లో ప్రచురించారు. తెరిచి ఉంచినప్పుడు సగం చీమలు చావడానికి 105 నిమిషాలు పట్టింది. మూసి ఉంచినప్పుడు 18.5 నిమిషాలే. చక్కెర డబ్బాలో నాలుగు లవంగాలు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, అది అర్థమున్న అలవాటు. మూతపెట్టిన డబ్బాలో వాసన నిలబడుతుంది. బియ్యం డబ్బా, మూసి ఉండే అలమర అర, తలుపు చట్రానికీ గోడకీ మధ్య సందు, ఇవే మొక్కల వాసనలకు అనువైన చోట్లు. రోజూ చీపురు, తడిగుడ్డ తిరిగే నడిగదిలో చార గీస్తే సాయంత్రానికి మిగలదు. సందుల్లో వేసిన పొడినైనా వాసన తగ్గగానే మార్చాలి. దాన్ని వేలితో నలిపి చూడండి, ఘాటు తెలియకపోతే చీమకూ తెలియదనుకోవచ్చు.

గడపకు పసుపు రాయడం మన ఇళ్ల ఆచారం. పసుపు కొమ్ములో నూనె 3 నుంచి 5 శాతం. లవంగంతో పోలిస్తే సుమారు నాలుగో వంతు. పొడిగా చల్లిన పసుపు కాళ్లకు అంటుకుని చీమను కొంత తికమకపెట్టవచ్చు, తడిపి పూసి ఆరిన పసుపు నుంచి అంత ఆశించలేం. అదే గడప ముందు బియ్యప్పిండితో ముగ్గు పెడితే చీమలకు తిండి ఇంటి బయటే దొరుకుతుంది. ఆ మర్యాద నాకు ఇష్టం. భూమి మీద చీమలు 20 వేల లక్షల కోట్లని 2022లో వేసిన అంచనా చెబుతోంది, మనిషికి పాతిక లక్షల చొప్పున. వాటిని లేకుండా చేయడం మన వల్ల అయ్యేదీ కాదు, కోరుకోవాల్సిందీ కాదు. గడప లోపలికి రాకపోతే చాలు.

ఇంగువ వాడేవాళ్లు డబ్బా మీద రాసిన దినుసుల జాబితా చదవాలి. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలాభాగం పిండి, జిగురు. కర్పూరం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నోట్లో పెట్టుకున్న పసిబిడ్డకు ఒక్క గ్రాము కర్పూరమే ప్రాణం మీదికి తేవచ్చు. సీసాలో అమ్మే లవంగ నూనె కూడా పిల్లలకు అందకూడదు, కొద్ది మిల్లీలీటర్లు మింగినా కాలేయం దెబ్బతింటుంది. మొక్క నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో ఏదీ నిరపాయం కాదు. ఒకప్పుడు ఇంటి మూలల్లో చల్లిన గమేక్సిన్ పొడి బీహెచ్‌సీ, దాన్ని మన దేశంలో 1997లో నిషేధించారు. అటువంటి చీమల మందులకు దూరం జరగాలన్న కోరిక న్యాయమైనదే. పాకే పిల్లలున్న ఇంట్లో లవంగాల పొడి చాలా మెరుగు. కాకపోతే దాన్నీ మందులాగే చూడాలి.

చాలామంది గమనించని విషయం, మొక్కలే చీమలను పిలుస్తాయి. మందారం, తులసి, కరివేపాకు, బొప్పాయి మీద పిండినల్లి, పేనుబంక చేరితే అవి తియ్యటి జిగురు విసర్జిస్తాయి. చీమలు దానికోసం వస్తాయి, ఆ పురుగులను శత్రువుల నుంచి కాపాడతాయి కూడా. బాల్కనీ కుండీ నుంచి వంటింటి గట్టుకు దూరమెంత? కాబట్టి ఆకుల వెనక, కొమ్మల కణుపుల దగ్గర తెల్లటి దూదిలాంటి పొర ఉందేమో చూడాలి. ఉంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి, వారం తర్వాత మళ్లీ. తినే ఆకులైతే బాగా కడిగాకే వంటకు కోయాలి. వేప ఇక్కడ నేరుగా చీమను తరమదు, దాన్ని రప్పించే పురుగును తగ్గిస్తుంది. చీమల బెడద కుండీల దగ్గర మొదలైన ఇళ్లలో నా దృష్టిలో లవంగం కంటే వేప మేలు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ వాడకూడదు. లేత పసుపు రంగులో, 2 మిల్లీమీటర్ల పొడవున, తీపికీ నూనెకీ ఒకేలా చేరే చీమలు కనిపిస్తే అవి ఫారో చీమలు కావచ్చు. వాటి గూట్లో రాణులు చాలా ఉంటాయి. ఘాటు వాసనతో తరిమితే కొన్ని చీమలు గుడ్లను, పిల్లలను మోసుకుని విడిపోయి, ఇంకోచోట కొత్త గూడు పెడతాయి. ఒక గూడు నాలుగవుతుంది. వీటికి నెమ్మదిగా పనిచేసే ఎర కావాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ యాసిడ్ కరిగించి, దూదిని ముంచి, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందని చోట చీమల దారి పక్కన పెట్టాలి. యాసిడ్ మోతాదు పెంచితే చీమలు గూడు చేరకముందే చనిపోతాయి. రాణుల దాకా అది చేరడానికి వారాలు పట్టవచ్చు. అన్నాళ్లూ ఆ గదిలో లవంగం, దాల్చిన చెక్క, కర్పూరం ఏవీ చల్లవద్దు. వాటి వాసనకు చీమలు ఎర దగ్గరికే రావు.