లిపిడ్ ప్రొఫైల్ నార్మలే... మరి బీపీ ఎందుకు?

లిపిడ్ ప్రొఫైల్ నార్మల్ అని వస్తే మన ఇళ్లలో ఆ రోజు చిన్న పండగే. మర్నాటి నుంచి మళ్లీ మిరపకాయ బజ్జీలు మొదలు. మా నాన్న రిపోర్టూ అలాగే వచ్చింది. బీపీ మాత్రం 150/96. "ఒంట్లో కొవ్వు లేదంటున్నారు, మరి బీపీ ఎందుకొచ్చిందిరా?" అని నన్నడిగారు. మంచి ప్రశ్నే. జవాబు కోసం నేను చదివింది మీకూ చెప్తా.

కొవ్వు అనగానే పైపులో పేరుకున్న జిడ్డే మన కళ్ల ముందు కనిపిస్తుంది. కానీ రక్తంలో అతి కొద్ది మోతాదులో తిరిగే కొన్ని కొవ్వు అణువులు జిడ్డు కాదు, మెసేజ్‌లు! రక్తనాళం గోడ దగ్గరకెళ్లి 'బిగుసుకో' అనో, 'వదులవ్వు' అనో చెప్తాయి. వీటినే సిగ్నలింగ్ లిపిడ్లు అంటారు.

వాటిలో ఒకటి స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్. పొట్టిగా ఎస్1పి. దీని మూలపదార్థానికి 1884లో థూడికమ్ అనే లండన్ డాక్టర్, పొడుపుకథలు వేసే గ్రీకు స్ఫింక్స్ పేరు పెట్టాడు. అంత అంతుచిక్కలేదట మరి!

ఇది నిజంగా పొడుపుకథే. రక్తనాళం లోపలి పొర మీదున్న రిసెప్టర్‌ని తాకితే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై నాళం వదులవుతుంది. అదే ఎస్1పి, నాళం చుట్టూ ఉన్న కండరం మీది వేరే రకం రిసెప్టర్లను తాకితే నాళం బిగుసుకుంటుంది. మెసేజ్ ఒకటే, అందుకునేవాళ్లు వేరు. ఈ రెండింటి మధ్య తూకం చెడితే బీపీ పెరుగుతుంది. నాళం వెడల్పు కేవలం 10 శాతం తగ్గినా రక్తప్రవాహానికి అడ్డు దాదాపు 50 శాతం పెరుగుతుంది.

ఇదంతా ఎలుకల మీద ప్రయోగాలకే పరిమితం కాదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి ఫింగోలిమోడ్ అనే మందుంది. అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. అది పనిచేసేది ఎస్1పి రిసెప్టర్ల మీదే. దాన్ని వాడేవాళ్లలో పై బీపీ సగటున 3 పాయింట్లు పెరుగుతుంది. అందుకే ఆ మందు ఇచ్చే డాక్టర్లు బీపీ కూడా చూస్తుంటారు.

ఇప్పుడు మనకి సంబంధించిన సంగతి. ప్రోస్టాగ్లాండిన్లు కూడా ఇలాంటి కొవ్వు మెసేజ్‌లే. వీటి మీద పరిశోధనకి 1982లో బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్‌సన్, జాన్ వేన్‌లకు నోబెల్ వచ్చింది. వీటిలో కొన్ని కిడ్నీకి రక్తం బాగా అందేలా, అదనపు ఉప్పు బయటికి పోయేలా చూస్తాయి. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు చేసేది ఈ మెసేజ్‌లని ఆపడమే. నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ ఉప్పు, నీరు ఒంట్లోనే ఉండిపోయి బీపీ పెరగొచ్చు. కొన్ని బీపీ మందుల పని కూడా తగ్గొచ్చు. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో అడిగి రోజూ మాత్ర వేసుకునే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఆ మాట బీపీ చూసే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ని మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. అది వేరే లెక్క.

మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో కొలిచేది కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లనే. ఈ మెసేజ్‌లు అందులో కనపడవు. కాబట్టి ఆ కాగితం చూసి బీపీ సంగతి తేల్చలేం. బీపీ తెలియాలంటే బీపీయే చూసుకోవాలి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. పాతికేళ్ల వయసులో నాకెందుకులే అనుకోకండి. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. ఈ వారం ఇంట్లో అమ్మానాన్నలకి చూసేటప్పుడు, ఆ పట్టీ ఒకసారి మీ చేతికి కూడా చుట్టుకోండి.